డీసీఐ ఫైనల్స్‌కి వెళ్లేవాళ్లకి: ఏ ఊరు, ఏ సీటు, ఎంత జనం

కబడ్డీని నాలుగు వైపుల నుంచీ చూడొచ్చు. నాటకాన్ని ఒక్క వైపు నుంచే చూడాలి. నడుస్తూ వాయించే బ్యాండ్ పోటీ అయిన డ్రమ్ కోర్‌తో వచ్చే చిక్కంతా ఇదే: ఆట కోసం కట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడే నాటకం అది. 150 మందికి పైగా కుర్రాళ్లూ అమ్మాయిలూ ట్రంపెట్లు, ట్యూబాలు, డ్రమ్ములు మోసుకుంటూ 11-12 నిమిషాల పాటు మైదానమంతా నడుస్తూ, పరుగెడుతూ వాయిస్తారు. వాళ్ల మధ్యలో జెండాలూ చెక్క రైఫిళ్లూ తిప్పే కలర్ గార్డ్ ఉంటుంది. కీలకమైన ఘట్టాల్లో ఇత్తడి గొట్టాలన్నీ ఒకే వైపుకి తిరుగుతాయి. పైన బాక్స్‌లో జడ్జీలు కూర్చునేదీ ఆ వైపే. అందుకే 67 వేల సీట్ల స్టేడియమైనా సరే, అందులో పనికొచ్చేది ఒక పక్క మాత్రమే. ఆ పక్కలో కూడా రెండు 20 గజాల గీతల మధ్య ఉన్న సీట్లకే అసలు గిరాకీ (గీతల లెక్క రెండు చివర్ల నుంచీ మొదలై మధ్యలో 50 దగ్గర కలుస్తుంది).

ఈ సంగతి తెలియక ఫోటోల్లో ఆవలి వైపు ఖాళీ కుర్చీలు చూసి, జనమే రాలేదని తేల్చేసేవాళ్లు చాలామంది. ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అంటే డీసీఐ, ఏటా ఆగస్టులో మూడు రోజులు పెట్టే ఫైనల్స్‌కి ఏ ఏడు ఎంతమంది వచ్చారన్న వాదన ఎప్పుడు మొదలైనా ముందు రెండు ప్రశ్నలు వేయాలి. ఆ అంకె శనివారం రాత్రి ఒక్కదానిదా, మూడు రోజులదీ కలిపిందా? మూడు రోజుల టికెట్ కొన్న ఒక్క మనిషి కూడికలో ముగ్గురవుతాడు. రెండోది, స్టేడియం మొత్తం సీట్లతో పోలుస్తున్నారా, ముందు వైపు సీట్లతోనా? సగం స్టేడియమే అసలు థియేటర్ అయినప్పుడు 20 వేల మంది కూర్చున్నా ముందు వైపు నిండుగానే కనిపిస్తుంది, వెనక నుంచి తీసిన ఫోటోలో మాత్రం బోసిగా ఉంటుంది. (ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తే 'కార్ప్స్' అనబుద్ధేస్తుంది కానీ పలికేది 'కోర్' అనే. గేటు దగ్గర కార్ప్స్ అంటే కొత్తవాళ్లని ఇట్టే తెలిసిపోతుంది.)

తిరునాళ్ల రోజులు

డీసీఐ పుట్టకముందు ఈ పోటీలు అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ అనే మాజీ సైనికుల సంఘాల చేతిలో ఉండేవి. పారితోషికాలూ నిబంధనలూ తమ చేతుల్లోకి రావాలని కొన్ని కోర్‌ల డైరెక్టర్లు 1971లో విడిగా కూడి డీసీఐ పెట్టుకున్నారు. అంటే మొదటి నుంచీ ఇది టికెట్ డబ్బు మీద నడిచే వ్యవహారం.

తొలి ఛాంపియన్‌షిప్ 1972 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్ అనే చిన్న యూనివర్సిటీ ఊళ్లో జరిగింది. ఆ స్టేడియాన్ని ఇప్పుడు పెర్కిన్స్ స్టేడియం అంటున్నారు, పట్టేది 13 వేల పైచిలుకు. నిండడానికి సరైన సైజు. గెలిచింది కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనాహైమ్ కింగ్స్‌మెన్. రెండో ఏడూ అక్కడే. తర్వాత ఇథాకా, ఫిలడెల్ఫియా, డెన్వర్, బర్మింగ్‌హామ్ అంటూ ఊరూరా తిరిగే తిరునాళ్లయింది. ఒక ఊరికి ఒకటి రెండేళ్లు, మళ్లీ ఇంకో ఊరు. 1981, 82లో సరిహద్దు దాటి కెనడాలోని మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో కూడా పెట్టారు. ఫైనల్స్ అమెరికా బయట జరిగింది ఆ రెండుసార్లే.

ఇలా తిరగడం వల్ల లాభం ఏమిటంటే ప్రతి ప్రాంతం వాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఇంటి పక్కన ఫైనల్స్ దొరికేది. నష్టం ఏమిటంటే ప్రతిసారీ ప్రేక్షకుల్ని మొదటి నుంచి కూడగట్టుకోవాలి. కోర్‌లూ, వాటిని చూస్తూ పెరిగిన కుటుంబాలూ మిడ్‌వెస్ట్‌లో, ఈశాన్యంలో ఎక్కువ. దానికి దూరంగా వెళ్లినకొద్దీ కారెక్కి వచ్చే జనం తగ్గి, విమానం ఎక్కాల్సిన జనం మిగులుతారు. 1993లో మిసిసిపీలోని జాక్సన్ అలాంటి ఊరే. ఆగస్టు ఉక్కపోతలో ఆరుబయట బెంచీ మీద మూడు రోజులు కూర్చోవడం అభిమానం ఉన్నవాళ్లకే సాధ్యం.

యాత్రికుడి కళ్లతో చూస్తే పాత వేదికల్లో విస్కాన్సిన్‌లోని మ్యాడిసన్‌దే అగ్రస్థానం. 1985, 86, 87, 92, 99, 2002, 2006లో, మొత్తం 7 సార్లు అక్కడ ఫైనల్స్ జరిగాయి. క్యాంప్ ర్యాండల్ స్టేడియం ఊరి మధ్యలో, యూనివర్సిటీలోనే ఉంది. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే హాస్టల్ గదులు చవగ్గా దొరికేవి. స్టేట్ స్ట్రీట్ మీద నడిస్తే తిండికి కొదవలేదు. లోపం ఒకటే: వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని బెంచీలు. ఎనిమిది గంటలు కూర్చుంటే నడుం చెబుతుంది కథ.

కాన్సాస్ సిటీలోని ఆరోహెడ్‌లో 1988, 89లో పెట్టారు. స్టేడియం గొప్పదే, కానీ డౌన్‌టౌన్‌కి దూరంగా పార్కింగ్ మైదానాల మధ్య ఉంటుంది. కారు లేకపోతే అడుగు కదలదు. 2005లో బోస్టన్ పేరు చెప్పి పెట్టిన ఫాక్స్‌బరో కూడా అంతే. జిల్లెట్ స్టేడియం బోస్టన్‌కి పాతిక మైళ్ల దూరంలో రూట్ 1 మీద ఉంది, షో అయ్యాక అందరూ ఆ ఒక్క రోడ్డెక్కాల్సిందే. ఓర్లాండో 4 సార్లు ఆతిథ్యమిచ్చింది. హోటళ్ల విషయంలో దాన్ని మించింది లేదు, పిల్లలకి డిస్నీ ఉండనే ఉంది. కానీ ఫ్లోరిడాలో ఆగస్టు మధ్యాహ్నం అంటే ఉరుముల వాన ఖాయం. పిడుగు పడే సూచన కనబడిందంటే మైదానం ఖాళీ చేయిస్తారు, చివరి మెరుపు తర్వాత అరగంట ఆగాకే మళ్లీ మొదలు. ఆ మధ్యలో ఇంకో మెరుపు మెరిస్తే లెక్క మళ్లీ మొదటికి.

2007లో పసడీనా రోజ్ బౌల్‌కి వెళ్లింది. కాలిఫోర్నియా కోర్‌లు మొదటి ఏడు నుంచీ కప్పులు పట్టుకుపోతున్నా, ఫైనల్స్ ఆ రాష్ట్రానికి రావడానికి 35 ఏళ్లు పట్టింది. రోజ్ బౌల్‌లో 90 వేల మంది దాకా పడతారు. అందమైన చోటే, కానీ అంత పెద్ద గిన్నెలో డ్రమ్ కోర్ ప్రేక్షకుల్ని పోస్తే అడుగు కూడా కప్పదు.

2009 తర్వాత

ఇండియానాపోలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో 2008లోనే మొదలవ్వాలి. కట్టడం వేళకి పూర్తికాక ఆ ఏడు 50 మైళ్లు దక్షిణాన ఉన్న బ్లూమింగ్టన్‌కి మార్చారు. అక్కడ ఫాంటమ్ రెజిమెంట్ అనే కోర్ బ్లూ డెవిల్స్ అనే కోర్‌ని 0.025 పాయింట్ల తేడాతో ఓడించింది. 2009 నుంచి మకాం ఇండియానాపోలిస్‌కి మారింది. 2020లో సీజనే లేదు. 2021లో పోటీ లేకుండా ప్రదర్శనలు మాత్రం అక్కడే జరిగాయి. ఆ తర్వాత మళ్లీ మామూలే. ఏ ఏటి తేదీలూ వేదికా ఆ ఏటి డీసీఐ ప్రకటన చూశాకే ఖాయం చేసుకోండి.

తిరునాళ్లు ఒకచోట స్థిరపడితే వచ్చే జనం తీరు మారుతుంది. ఊరూరా తిరిగిన రోజుల్లో ప్రేక్షకుల్లో పెద్ద భాగం ఆ చుట్టుపక్కల వాళ్లు. ఇప్పుడు ఏటా అదే సీటు, అదే హోటల్ పట్టే పాత కాపులు ఎక్కువ. రాలేనివాళ్లకి మిగతా దారులూ పెరిగాయి: 2004లో గురువారం పోటీని సినిమా హాళ్లలో ప్రత్యక్షంగా చూపించడం మొదలుపెట్టారు, తర్వాత ఇంటర్నెట్‌లో లైవ్ వచ్చింది. కాబట్టి 1980ల నాటి గేటు లెక్కని ఇప్పటి గేటు లెక్క పక్కన పెట్టి పెరిగిందో తగ్గిందో చెప్పడం కుదరదు. అప్పట్లో వెళ్లలేనివాళ్లకి టీవీ ప్రసారం తప్ప వేరే దారి లేదు.

మూడు రోజుల్లో ఏ రోజు

గురువారం ప్రిలిమ్స్‌లో అర్హులైన కోర్‌లన్నీ ఆడతాయి. శుక్రవారం సెమీస్‌కి 25, శనివారం ఫైనల్స్‌కి 12. ఒక్కో కోర్‌కి రావడం, ఆడటం, సామాను లాక్కుపోవడం కలిపి 17 నిమిషాల చొప్పున వేసుకోండి. ఫైనల్స్ 3 గంటల 24 నిమిషాలు, పైన ముగింపు వేడుక, స్కోర్లు. సెమీస్ 7 గంటలు దాటుతుంది. ప్రిలిమ్స్ ఉదయం నుంచి రాత్రి దాకా, విరామాలతో కలిపి పది గంటలకి తక్కువ కాదు.

ఒక్క రోజే కుదిరితే చాలామంది శనివారం కొంటారు. డబ్బుకి తగ్గ సంగీతం కావాలంటే శుక్రవారం మేలు. ఫైనల్స్ ఆడే 12 కోర్‌లూ అందులో ఉంటాయి, ఇంకో 13 అదనం, 12వ స్థానం కోసం జరిగే కొట్లాట కళ్ల ముందే చూడొచ్చు. శనివారానికి ఉన్నది ఒక్కటే: ఆ రాత్రి వయసు దాటి కోర్ వదిలే పిల్లల చివరి ప్రదర్శన అది. హాలు మొత్తం ఆ ఉద్వేగంతో ఊగుతుంది, అది శుక్రవారం దొరకదు. గురువారం ఉదయం సీట్లు సగానికి పైగా ఖాళీ. పేరున్న కోర్‌లు వచ్చే సాయంత్రానికి నిండుతాయి. చిన్న కోర్‌లకి చప్పట్లు కొట్టే జనం కావాలి కాబట్టి వీలైతే ఉదయమే వెళ్లండి.

సీటు

ఇక్కడే డబ్బు వృథా అయ్యేది. కొత్తవాళ్లు క్రికెట్‌లోలా కింది వరసలు కొంటారు. మొదటి పది పన్నెండు వరసల్లో ముఖాలూ చెమటా కనిపిస్తాయి. మైదానం మీద గీసే బొమ్మలు మాత్రం చదునైపోయి తలల వరసలా ఉంటాయి. స్కోరు 100లో జనరల్ ఎఫెక్ట్‌కి (షో మొత్తం కలిగించే ప్రభావానికి) 40, విజువల్‌కి 30, మ్యూజిక్‌కి 30. విజువల్ కింద కొలిచేదాంట్లో చాలా భాగం పై నుంచే కనబడుతుంది. పైగా కింద కూర్చుంటే ముందు వరుసలోని మరింబాలు (కర్రలతో కొట్టే చెక్క పలకల వాద్యాలు), సింథసైజర్లు, వాటి స్పీకర్లు చెవిలో మోగి వెనకనున్న ఇత్తడిని మింగేస్తాయి.

శబ్దం లెక్క ఒకసారి చూడండి. మైదానం వెడల్పు 160 అడుగులు, దాదాపు 49 మీటర్లు. వెనక గీత దగ్గర కొట్టిన డ్రమ్ దెబ్బ ముందు గీతకి చేరడానికి 0.14 సెకను పడుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకి ఉన్నదే 0.33 సెకను. అంటే ముందు వెనకల వాళ్లిద్దరూ ముందు నిలబడి తాళం చూపే డ్రమ్ మేజర్ చేతిని చూసి ఒకే క్షణంలో వాయిస్తే, మీ దగ్గరికి చేరేసరికి దాదాపు అర దెబ్బ చీలుతుంది. అందుకే ముందున్నవాళ్లు చేతిని కాక వెనక నుంచి వచ్చే శబ్దాన్ని విని వాయించడం నేర్చుకుంటారు. ఆ సర్దుబాటు అంతా మధ్య గీతకి ఎదురుగా, కాస్త ఎత్తులో కూర్చున్న చెవి కోసం చేసిందే. 10 గజాల గీత దగ్గర మూల సీటు కొంటే మీకు దగ్గరున్న చివరివాళ్లు ముందు, అవతలి చివరివాళ్లు వెనక వినబడతారు. తప్పు వాళ్లది కాదు, మీ సీటుది.

లూకాస్ ఆయిల్ పైకప్పు మూసినప్పుడు ఆవలి వైపు ఖాళీ కుర్చీల నుంచి ప్రతిధ్వని అర సెకను అటూ ఇటుగా తిరిగొస్తుంది. బాగా పై అంతస్తులో అది ఎక్కువ. ఒక పెద్ద స్వరం ఠక్కున ఆగినప్పుడు తెలుస్తుంది: వాళ్లు ఆపేశాక కూడా హాలు వాయిస్తూనే ఉంటుంది. కాబట్టి వరస ఇదీ. మొదట మధ్య అంతస్తు, 35 గజాల గీతల లోపల. దొరక్కపోతే పై అంతస్తు ముందు వరసలు, అదీ మధ్య గీతకి ఎదురుగా. మూల సీటు కింద ఉన్నా పైన ఉన్నా వద్దు. 'ఎంత దగ్గరైతే అంత మంచిది' అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

బస, దారి, తిండి

ఇండియానాపోలిస్‌కి ఉన్న పెద్ద సుగుణం నడక. కన్వెన్షన్ సెంటర్‌కి 12 హోటళ్లు స్కైవాక్‌తో కలిసి ఉన్నాయి, మొత్తం 4,700కి పైగా గదులు. జేడబ్ల్యూ మారియట్ ఒక్కదాంట్లోనే 1,005. సెంటర్ నుంచి స్టేడియంకి సొరంగ మార్గం ఉంది. షో మధ్య విరామంలో గదికెళ్లి కాసేపు కునుకు తీసి రావచ్చు. బయటికెళ్తే అదే టికెట్ మీద మళ్లీ లోపలికి రానిస్తారా అన్నది మాత్రం గేటు దగ్గర ముందే అడగండి. ఈ సౌకర్యానికి తగ్గట్టే ధర. జెన్ కాన్ అనే భారీ గేమింగ్ సభ అదే కన్వెన్షన్ సెంటర్‌లో దాదాపు అవే రోజుల్లో, చాలాసార్లు ఓ వారం ముందు జరుగుతుంది. ఆగస్టులో స్టేట్ ఫెయిర్ కూడా. ఆ తేదీలు పక్కపక్కనే పడిన ఏడు ముందు రోజే చేరుకుందామనుకునేవాళ్లకి గది దొరకడం కష్టం. చవక కావాలంటే ఎయిర్‌పోర్ట్ వైపు ప్లెయిన్‌ఫీల్డ్ హోటళ్లు చూడండి, కారు తప్పనిసరి. కారు వద్దనుకుంటే రెడ్ లైన్ బస్సు దారి మీద, బ్రాడ్ రిపుల్ వైపు బస చూసుకోవచ్చు. అది నేరుగా డౌన్‌టౌన్‌కి వస్తుంది. షో రాత్రి పదకొండు దాకా సాగొచ్చు కాబట్టి చివరి బస్సు వేళ ముందే చూసుకోండి.

ఎయిర్‌పోర్ట్ నుంచి డౌన్‌టౌన్‌కి కారులో 20 నిమిషాలు. ఇండీగో సిటీ బస్సు 8వ నంబరూ వెళ్తుంది (మన విమానాల ఇండిగో కాదు). ఇండియా నుంచి వచ్చేవాళ్లలో చాలామంది షికాగోలో దిగి ఐ-65 మీద మూడు గంటలు నడిపించుకొస్తారు. ఇక్కడ దెబ్బతినేది గడియారం దగ్గర: షికాగో సెంట్రల్ టైమ్, ఇండియానాపోలిస్ ఈస్టర్న్. మధ్యాహ్నం రెంటికి బయల్దేరితే చేరేది అక్కడి ఆరింటికి, ఐదింటికి కాదు. రోడ్డు పనులు జరుగుతుంటే ఇంకో గంట కలపండి. ఆమ్‌ట్రాక్ కార్డినల్ రైలు వారానికి 3 రోజులే, అదీ అర్ధరాత్రి ప్రాంతంలో దింపుతుంది. సిన్సినాటి, లూయివిల్ వాళ్లకి రెండు గంటల డ్రైవ్.

స్టేడియంలోకి పారదర్శకమైన సంచే అనుమతి: 12×6×12 అంగుళాలు మించకూడదు. చేతి పర్సు 4.5×6.5 అంగుళాల లోపు. బ్యాక్‌ప్యాక్‌తో వస్తే కారు దాకా వెనక్కి నడవాల్సిందే. టికెట్ ఫోన్‌లో ఉంటుంది కాబట్టి పవర్ బ్యాంక్ వెంట ఉంచుకోండి. బయట 30 డిగ్రీల ఎండ, లోపల ఏసీ వణికిస్తుంది. పలచటి స్వెటర్, చిన్నపిల్లలుంటే చెవులకి మఫ్‌లు అవసరం.

లోపల తిండి ప్రెట్జెల్, నాచోస్, హాట్ డాగ్. శాకాహారులకి మొదటి రెండే, మూడు రోజులు అవే తింటే నాలుక మొద్దుబారుతుంది. ఇడ్లీ, బిర్యానీ కావాలంటే వాయవ్యాన లఫాయెట్ రోడ్ వైపు, లేదా ఉత్తరాన కార్మెల్, ఫిషర్స్ వైపు వెళ్లాలి. మనవాళ్లు ఎక్కువున్నదీ అటే. కార్మెల్ హైస్కూల్ బ్యాండ్‌లో పిల్లలున్న ఇళ్లకి ఈ స్టేడియం కొత్త కాదు, నవంబరులో స్కూల్ బ్యాండ్ల గ్రాండ్ నేషనల్స్ కూడా ఇక్కడే జరుగుతాయి.

టికెట్ లేకుండా దొరికేది 'లాట్'. మైదానంలోకి వెళ్లే ముందు డ్రమ్‌లైన్లు స్టేడియం దగ్గర బయట గుండ్రంగా నిలబడి వార్మప్ చేస్తాయి. పది అడుగుల దూరంలో స్నేర్ డ్రమ్ముల కర్రలు తొమ్మిదో పదో ఒక్క కర్రలా పడటం అక్కడే కనిపిస్తుంది. నిలబడేవాళ్లు ఓ గంట ముందే చోటు పడతారు. కోర్ నడిచే దారికి అడ్డంగా మాత్రం నిలబడొద్దు, బాస్ డ్రమ్ మోసేవాడికి పక్కలు కనబడతాయి గానీ ముందు కనబడదు.

ఫైనల్స్ కుదరకపోతే

జులైలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో షో అలమోడోమ్ అనే పైకప్పున్న స్టేడియంలో జరుగుతుంది. ఆస్టిన్ నుంచి 80 మైళ్లు, హ్యూస్టన్ నుంచి 200. పెద్ద కోర్‌లన్నీ సీజన్‌లో మొదటిసారి ఒకచోట కూడేది తరచూ అక్కడే. రివర్ వాక్ హోటళ్ల నుంచి నడిచి వెళ్లొచ్చు. ప్రతిధ్వని మాత్రం లూకాస్ ఆయిల్‌ని మించి. అట్లాంటాలో మెర్సిడెస్-బెంజ్ స్టేడియంలో పెట్టిన ఏడు ఆల్ఫరెట్టా, కమ్మింగ్ వాళ్లు నార్త్ స్ప్రింగ్స్‌లో కారాపి మార్టా మెట్రో రెడ్ లైన్ ఎక్కి, ఫైవ్ పాయింట్స్‌లో రైలు మారితే స్టేడియం ముందే దిగుతారు. పార్కింగ్ బాధ లేదు.

చెవికి మాత్రం పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్ సాటిలేనిది. జె. బర్నీ క్రమ్ స్టేడియం ఒక హైస్కూల్ మైదానం, 15 వేల సీట్లు, పైకప్పు లేదు కాబట్టి ప్రతిధ్వనీ లేదు. రెండు రాత్రులు జరుగుతుంది, ఒక్కో రాత్రి వేర్వేరు కోర్‌లు. ఒక్క రాత్రి టికెట్ కొంటే సగమే చూసినట్టు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి గంటన్నర లోపు. కూర్చోవడానికి మెత్త, వానకి పాంచో తీసుకెళ్లండి. గొడుగు విప్పితే వెనక వరస ఊరుకోదు. గట్టి వాన పడితే ఆ రాత్రి షో కుదించేయొచ్చు, అందుకే తిరుగు ప్రయాణం మరీ బిగుతుగా పెట్టుకోవద్దు.

ఇండియానాపోలిస్ నుంచి తిరుగు ప్రయాణానికీ ఇదే మాట. శనివారం స్కోర్లు చదివి, పతకాలిచ్చి, గెలిచిన కోర్ మళ్లీ వాయించేసరికి అర్ధరాత్రికి దగ్గరవుతుంది. ఆదివారం తెల్లవారుజామున ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ వరస ఇళ్లకి తిరిగెళ్లే జనంతో నత్తనడక నడవొచ్చు. పదకొండు తర్వాత విమానం పెట్టుకోండి.